“మా గురించి” పేజీ

ఉదయం తొమ్మిదింటికి షట్టర్ ఎత్తగానే కోడలు లాప్‌టాప్ తెచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టింది. అత్తగారు దాన్ని తీసి స్టూలు మీద పెట్టి, బల్ల మీద గుడ్డ పరిచారు. మూడు నెలలుగా ఇద్దరి మధ్యా ఇదే వరస.

వాళ్లు కుట్టేవి మామూలు బట్టలు కావు. పక్షవాతం వచ్చినవాళ్లు, చేతులు వణికేవాళ్లు, చక్రాల కుర్చీలో ఉండేవాళ్లు ఎవరి సాయం లేకుండా తొడుక్కోగలిగే బట్టలు. గుండీల బదులు అంటుకునే పట్టీలు, భుజం దగ్గర తెరుచుకునే చొక్కాలు. కిందటేడు ఒక పెద్దాయన కొలతలివ్వడానికి రెండు బస్సులు మారి వచ్చి, షాపు మెట్ల దగ్గరే కూలబడిపోయాడు. ఇంటి నుంచే కొలతలు పంపుకునేలా వెబ్‌సైట్ పెట్టాలని కోడలు ఆ రోజే పట్టుబట్టింది. అత్తగారూ సరేనన్నారు.

చిక్కంతా వెబ్‌సైట్ చేసే కంపెనీని ఎంచుకోవడంలో వచ్చింది. మొదటివాళ్లు అద్దాల ఆఫీసులో కూర్చోబెట్టి, సూట్లు వేసుకుని నవ్వుతున్న కుర్రాళ్ల బొమ్మలు చూపించారు. వీళ్లలో ఒక్కరికైనా మన బట్టలతో పనుందా అన్నారు అత్తగారు. అది నిజమే. రెండోవాళ్లు అయిదు రోజుల్లో చేసిస్తామన్నారు గానీ, ఆర్డరు ఇవ్వాలంటే పద్నాలుగు గడులు నింపాలి. చెయ్యి వణికేవాడు ఎలా నింపుతాడని అడిగారావిడ. అదీ నిజమే.

మూడో ఆవిడ ఒంటరిగా పనిచేసుకునే మనిషి. షాపులో సగం రోజు కూర్చుని, ఒక చేత్తో చొక్కా తొడుక్కుని చూసింది. పెద్ద అక్షరాలు, వేలు ఎక్కడ పడినా పనిచేసే పెద్ద బటన్లు, నోటితో చెబితే కొలతలు రాసుకునే ఏర్పాటు చూపించింది. కోడలికి ప్రాణం లేచొచ్చింది. అత్తగారు మాత్రం వద్దన్నారు. ఎందుకని అడిగితే కత్తెర అందుకున్నారు.

ఈ రోజు నాలుగో కంపెనీ అతను వచ్చాడు. ఈ రంగు కళ్లకు గుచ్చుకుంటోంది, ఈ అక్షరాలు పీలగా ఉన్నాయి అంటూ అత్తగారు, అతను టీ తాగడం పూర్తయ్యేలోపే సాగనంపేశారు.

కోడలు గ్లాసు తీసి విసురుగా కిటికీలో పెట్టింది. “అత్తయ్యా, ఇంక నావల్ల కాదు. అసలు వెబ్‌సైటే వద్దని ఒక్క ముక్క చెప్పేయండి. ఈ తిరుగుడు మానేస్తాను.”

“వద్దన్నానా?”

“మరి మూడో ఆవిడలో ఏం వంక దొరికింది మీకు?”

“మాటలెక్కువ,” అన్నారు అత్తగారు, కత్తెర ఆపకుండా.

కోడలు కోపంగా వీధిలోకొచ్చి, కనీసం క్షమాపణ చెబుదామని మూడో ఆవిడకు ఫోన్ చేసింది. మా అత్తయ్యను మీరేమన్నా అన్నారా అని అడిగింది.

“ఏమీ లేదండీ. ‘మా గురించి’ పేజీ కోసం, మొదటి చొక్కా ఎవరు కుట్టారమ్మా అని అడిగాను. ఆవిడ లేచి లోపలికెళ్లిపోయారు.”

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పేజీ తను ముందే రాసింది. “ముప్పై ఏళ్ల క్రితం మా మామగారు స్థాపించిన షాపు” అని మొదలుపెట్టింది. భర్త పక్కన కూర్చుని మరీ చెప్పి రాయించాడు. బోర్డు మీదా ఆయన పేరే. అది చదివి వినిపించినప్పుడు అత్తగారు బాగుంది అన్నారు. వంకలు మొదలైంది ఆ తర్వాతే.

లోపలికొచ్చి, బల్లకు ఎదురుగా కూర్చుని, మొదటి చొక్కా ఎవరు కుట్టారని మెల్లగా అడిగింది.

అత్తగారు గుడ్డను మడిచి పక్కన పెట్టారు. తర్వాత చెప్పారు. మామగారికి సూదిలో దారం ఎక్కించడం కూడా వచ్చేది కాదట. ముప్పై నాలుగేళ్లకే ఆయన కుడిచెయ్యి పడిపోయింది. రోజూ పొద్దున్నే చంటిపిల్లాడిలా నిలబడి భార్య చేత గుండీలు పెట్టించుకోవలసి వచ్చేది. ఒకరోజు తలుపేసుకుని ఏడ్చాడు. ఆ మధ్యాహ్నమే ఆవిడ ఆయన చొక్కా ఒకటి విప్పదీసి, వేరేలా కుట్టింది. ఆయన దాన్ని తనంతట తానే తొడుక్కుని వీధి చివరిదాకా నడిచొచ్చాడు. చూసినవాళ్లు తమవాళ్లకూ కుట్టిపెట్టమన్నారు. అలా మొదలైన షాపుకి తన పేరు పెట్టమని ఆయనే అడిగాడు. భార్య కష్టం మీద బతుకుతున్నాడని నలుగురూ అనుకుంటారని ఆయన భయం.

“పెట్టాను. ఆయన బతికున్నన్నాళ్లూ నాకు బాధ లేదు,” అన్నారు అత్తగారు. “ఇప్పుడు పోయినమనిషిని అబద్ధాలకోరుని చెయ్యలేను. అలాగని ఆ పేజీకి నా నోటితో నేను సరే అనలేకపోతున్నానే. ఇది చెప్పలేక రంగులకు వంకలు పెట్టాను.”

ఏడేళ్లుగా అదే బల్ల దగ్గర పక్కపక్కన కుడుతూ, కోడలు ఒక్కసారి కూడా అడగలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు. అత్తగారు కొంగుతో ఆమె మొహం తుడుస్తుంటే, భోజనానికి వచ్చిన కొడుకు గుమ్మంలోనే నిలబడి ఉండటం ఇద్దరూ అప్పుడు చూశారు. అంతా విన్నట్టున్నాడు.

“కుట్టడం నేర్పమంటే, అమ్మనడుగు, నాకేం తెలుసు అనేవాడు నాన్న,” అన్నాడతను. “వేళాకోళం అనుకున్నానమ్మా. ఆయన నాతో నిజమే చెప్పాడు.”

మర్నాడు మూడో ఆవిడను మళ్లీ పిలిచారు. పాత పేజీ తీసేసి, ముగ్గురూ కలిసి కొత్తది చెప్పారు. మామగారి కోసం అత్తగారు మొదటి చొక్కా కుట్టారు, దాన్ని తొడుక్కుని ఆయన వీధిలోకి నడిచాడు, తర్వాత పదిహేనేళ్లు షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ ధైర్యం చెప్పాడు. అంతే రాశారు. ఆయన పేరు చెరపలేదు.

మీ పేరెలా రాయమంటారు అని మూడో ఆవిడ అత్తగారిని అడిగింది. కొడుకు చెప్పబోతే కోడలు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. అత్తగారు సుద్దముక్క కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆవిడ రాసుకుంటున్న కాగితం తన ముందుకు లాక్కున్నారు. తన పేరు తనే రాశారు, నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా.