ఉన్నచోట నడక

నలభై ఆరేళ్ల వయసులో యానిమేషన్ నేర్చుకోవడానికి వెళితే క్లాసులో అందరూ ఆంటీ అంటారు. అననివ్వండి. తెర మీద బంతిని ఎగరేయడం, సంచిని గెంతించడం లాంటి మొదటి పాఠాలు వాళ్లకంటే ముందే పూర్తిచేశాను. ఆ తర్వాతి పాఠం నాలుగు కాళ్ల జంతువు.

"మొదట వెనక కాలు, ఆ వెంటనే అదే వైపు ముందు కాలు," అన్నారు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన మాస్టారు. "కుక్క తెర మధ్యలో ఉన్నచోటే నడవాలి. ముందుకు జరపొద్దు. ఇప్పుడే జరిపితే కాళ్లు జారుతున్నట్టుంటాయి."

చూసి వేసుకోవడానికి తలా ఒక వీడియో తెచ్చుకోమన్నారు. నాకు మా అమ్మాయి ఇచ్చింది. అందులో నడిచేది మా కుక్క. పొట్టిగా గుండ్రంగా ఉంటుందని బుడంకాయ అని పిలిచేవాళ్లం.

"దీన్నే నడిపించమ్మా. ఒక్కసారి చూస్తాను," అంది.

గేటు తీసి ఉంటే బుడంకాయ పారిపోయిందని పిల్లకు చెప్పింది నేనే. నిజానికి హడావిడిగా కారు వెనక్కి తీస్తూ దాని కుడి వెనక కాలు తొక్కించాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఇంట్లో తెలిసిపోతుంది. అందుకని డిక్కీలో వేసుకెళ్లి, ఊరి బయట గోడౌన్ల దగ్గర దింపేసి వచ్చాను. మూడు వారాలు మా అమ్మాయి వీధి వీధీ తిరిగి పిలిచింది. నేనూ పక్కనే నడిచాను. నేనూ గొంతు పోయేలా పిలిచాను.

ఆ శనివారం మధ్యాహ్నం అందరూ టీకి వెళ్లారు. వెలుతురు తెరల మీద పడకుండా కిటికీలన్నిటికీ నల్ల కర్టెన్లు. కంప్యూటర్ల ఫ్యాన్ల రొద తప్ప చప్పుడు లేదు. ఇరవై నాలుగు ఫ్రేములు ముగించి ప్లే నొక్కాను.

కుంటింది.

ఫ్రేములు ఒక్కొక్కటీ తీసి చూశాను. వేసినవి వేసినట్టే ఉన్నాయి. కుడి వెనక పాదం నేలను తాకాల్సిన చోట తాకుతోంది. మళ్లీ ప్లే నొక్కితే మాత్రం ఆ కాలు గాల్లోనే వేలాడుతోంది.

టీ గ్లాసుతో వచ్చిన మాస్టారు వంగి చూశారు. "నడక రాకముందే నాట్యమా మేడమ్?" అని నవ్వి వెళ్లిపోయారు.

ఆ కాలి బొమ్మలు మొత్తం తుడిచేసి కొత్తగా వేశాను. కుంటింది. ఈసారి కుక్క కాస్త పెద్దగా ఉంది. కెమెరా ముట్టుకోలేదు. ముందుకు జరపలేదు. మళ్లీ నొక్కాను... ఇంకా పెద్దగా. పక్క నుంచి కనిపించేలా వేసిన కుక్క... మొహం ఇటు తిప్పి ఉంది.

తడిసిన బొచ్చు వాసన.

స్పీకర్లు లేని గదిలో గోళ్ల చప్పుడు. టక్, టక్, టక్... ఒక ఖాళీ. టక్, టక్, టక్...

"అమ్మా, అయిందా?"

మా అమ్మాయి. బడి అయ్యాక వస్తే చూపిస్తానని నేనే రమ్మన్నాను. తెర ఆపేలోపే పక్క కుర్చీలో కూర్చుంది.

"బుడంకాయే..." గుసగుసలాడింది. "ఎందుకమ్మా కుంటుతోంది?"

చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకింకా సరిగా రాదు కదే," అన్నాను.

తెర మీద కుక్క ఆగింది. నేను ఆపలేదు. రెప్ప వేసి తెరిచేసరికి అక్కడ బూడిదరంగు నేల ఒక్కటే ఉంది.

నా చీలమండకు వెచ్చగా ఏదో ఆనుకుంది... నేను కదలలేదు.

మా అమ్మాయి బల్ల కిందికి వంగింది. "వచ్చావా..." అని చెయ్యి చాపింది. ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు తల అక్కడే ఉంచి చాలాసేపు ఉండిపోయింది. మధ్యలో ఒకసారి "ఊఁ" అంది.

తల పైకెత్తినప్పుడు పిల్ల ముఖంలో ఏడుపు లేదు.

"అమ్మా... మూడు కాళ్లతో నీ కారు వెనక అంత దూరం పరిగెత్తిందా?"

ఆ రోజు కారు అద్దంలో అది చూశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పటిదాకా మీకూ చెప్పలేదు.

పిల్ల నా వైపే చూస్తోంది. చెయ్యి మాత్రం బల్ల కింద ఇంకా నిమురుతూనే ఉంది.