మీకు మాత్రం అమ్మను

"నాన్న రిపోర్టులు వచ్చాయి! అన్నీ నార్మల్!"

గొడుగు మూయడం కూడా మర్చిపోయి మాంసం కొట్టులోకి దూసుకొచ్చింది కళ్ళద్దాల షాపు అమ్మాయి. గొడుగు మీది నీళ్ళన్నీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అక్క మొహాన పడ్డాయి.

కత్తి పక్కన పెట్టి చాటంత మొహం చేసుకున్నాడు తమ్ముడు. ఆ అమ్మాయి తండ్రి రిటైరైన బస్సు డ్రైవరు. గుండెపోటుతో ఆస్పత్రికెళ్ళి బతికి బయటపడ్డాక డాక్టరు ఒకటే మాటన్నాడు: మాంసం, గుడ్లు, వెన్న బంద్, ఇకమీదట కూరగాయలు, పప్పులు, పళ్ళే. ఈ సంగతి వీధికంతా తెలుసు. అయినా ఆమె ప్రతి ఆదివారం వచ్చి అర కిలో కొట్టించుకుని వెళ్తూనే ఉంది. అది చూసి లోపల్లోపల బెంగపడుతూనే ఉన్నాడతను.

"తింటూ కూడా నార్మలేనా? డ్రైవర్ గారు గట్టి మనిషే!"

"తినడమా? ఆస్పత్రి నుంచి వచ్చాక మా ఇంట్లో ముక్క ఉడికితే ఒట్టు. నాన్నతో పాటు నేనూ ఆకులూ గింజలే."

"మరి ఆదివారం అర కిలో?"

ఆమె గొడుగు మూసింది. తెరిచింది. మళ్ళీ మూసింది.

"పక్కింటావిడకి ఇచ్చేస్తున్నా. నేనేదో మొక్కు తీర్చుకుంటున్నాననుకుంటోంది పాపం."

"ఎందుకలా?"

మొహం తుడుచుకుంటున్న తువ్వాలు తీసి తమ్ముడి మీదకి విసిరింది అక్క. "ఒరేయ్ మొద్దూ! ఎముక ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తావు, ఇంత మాత్రం తెలియట్లేదా?"

తెలిసింది. చెవుల చివర్ల దాకా ఎర్రబడ్డాడు. బయట రేకుల మీద వాన దరువేస్తోంది, లోపల గుండె అంతకన్నా గట్టిగా వేస్తోంది.

"సాయంత్రం వచ్చి నాన్నగారితో మాట్లాడనా?"

"రండి. ముందా నెత్తుటి ఏప్రన్ విప్పి రండి," అని నవ్వుతూ పరుగెత్తింది.

ఆ సంతోషం సాయంత్రం దాకానే.

డ్రైవర్ గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎదురుగా ఉన్న పళ్ళెంలో ఉడికిన చిక్కుడు గింజల్ని చెంచాతో అటూ ఇటూ తోస్తూ మెల్లగా చెప్పాడు.

"అబ్బాయ్, నీ పని మీద నాకు చిన్నచూపు లేదు. భయమంతా నా నాలుక మీదే. బస్సులో వెనక సీట్లో ఎవరు డబ్బా మూత తీసినా లోపలేముందో స్టీరింగ్ దగ్గర నాకు తెలిసిపోయేది. రేపు పిల్లనిచ్చాక మీ ఇంట్లో వేపుడు వాసన తగిలిందనుకో, ఈ గింజలు నన్నాపుతాయా? ఒక్క ముక్కతో మొదలవుతుంది. మళ్ళీ ఆ మంచమే."

"మీరొచ్చినప్పుడు వండమండీ."

"కొట్టు ఉంటుందిగా."

కొట్టు మూసేస్తానని నోటిదాకా వచ్చింది. కానీ ఆ కొట్టు మీదే అక్క, అక్క పిల్లలు బతుకుతున్నారు. లేచి చెప్పులేసుకున్నాడు.

గుమ్మం దాకా వచ్చి ఆ అమ్మాయి తల దించుకుంది. "నాన్న లోపలుంటే ఆస్పత్రి వరండాలో ఒక్కదాన్నే కూర్చున్నా. మళ్ళీ కూర్చోలేను. ఇంక ఆదివారాలు రాను."

నిజంగానే రాలేదు. ఆదివారం జనం వస్తూనే ఉన్నారు, తరాజు ఊగుతూనే ఉంది, గుమ్మం వైపు చూసి చూసి అతని మెడ పట్టేసింది.

"ముక్కలడిగితే కైమా కొట్టావేంట్రా?" అంది అక్క. తిట్టబోయి, వాడి మొహం చూసి ఊరుకుంది.

ఒకరోజు ఉండబట్టలేక కళ్ళద్దాల షాపు ముందు వానలో నిలబడ్డాడు. అద్దం అవతల ఆమె ఎవరికో అక్షరాలు చదివిస్తోంది. అతన్ని చూసింది. చూసి, గోడ వైపు తిరిగిపోయింది. తడిసిన చెప్పులతో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే మెతుకు లోపలికి దిగలేదు. ప్రేమించిన మనిషి పక్క వీధిలోనే ఉంటే ఇంత దూరం ఎక్కణ్ణుంచి వస్తుందో అతనికి అర్థం కాలేదు.

మర్నాడు షట్టరు దించుతుంటే రెయిన్‌కోటు కప్పుకుని ఒకాయన లోపలికి దూరాడు. డ్రైవర్ గారే!

"అర కిలో ఇవ్వు. తొందరగా."

"మీకా?"

"రిపోర్టు బాగుందిగా, ఒక్కసారికేం కాదు. అమ్మాయి నాతో మాట్లాడదు, సరిగ్గా తినదు. ఎదురుగా మనిషి లేకుండా ఆ ఉడికిన గడ్డి నాకొక్కడికి దిగట్లేదయ్యా."

"అమ్మను."

"ఏంటీ?"

"ఎవరికైనా అమ్ముతా. మీకు మాత్రం అమ్మను."

"పిల్లనివ్వలేదని కక్షా?"

"అలాగే అనుకోండి."

"ఎదురు కొట్టుకెళ్తా!"

"వెళ్ళండి. అది మా పెద్దనాన్నది. మార్కెట్లోది మేనమామది. బస్టాండు దగ్గరది అక్క ఆడపడుచుది. మీ ఫోటో అందరికీ పంపిస్తా. ఎముక కూడా వెయ్యరు."

"ఫోటో తీసేశా కూడా," అంది అక్క, ఫోను దించుతూ.

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. "బతిమాలుకుంటున్నాన్రా..."

"తిట్టండి, పడతా. ఆమె ఆ ఆస్పత్రి వరండాలో ఇంకోసారి ఒక్కతే కూర్చునే పరిస్థితి మాత్రం నా చేత్తో తేలేను. నాకు దక్కకపోయినా సరే." చెప్తుంటే అతని కళ్ళు నిండాయి. దాచుకోవడానికి మాంసం కొట్టే మొద్దు కడగసాగాడు, కడిగిందే మళ్ళీ కడిగాడు.

డ్రైవర్ గారు మెట్టు మీద కూలబడ్డాడు. వాన జల్లు మోకాళ్ళ మీద పడుతున్నా కదల్లేదు. అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. అది వానో కన్నీళ్ళో ఎవరూ అడగలేదు.

"ఊళ్ళో కొట్లన్నీ మీ చుట్టాలవే అన్నమాట."

"దాదాపు."

"నిన్ను అల్లుణ్ణి చేసుకుంటే ఈ జన్మకి నాకు ముక్క పుట్టదు," అన్నాడు, ఎవరో పోయినంత దిగులుగా.

"పుట్టదు బాబాయ్ గారూ, నాదీ పూచీ," అంది అక్క.

ఆయన గోడ పట్టుకుని లేచి రెయిన్‌కోటు సర్దుకున్నాడు.

"రేపు మధ్యాహ్నం నువ్వూ మీ అక్కా భోజనానికి రండి. నేనే వండుతా. నూనె ఉండదు, ఉప్పు అంతంతమాత్రం. ముందు మా పిల్ల చేత నాలుగు ముద్దలు తినిపించు. పెళ్ళి మాట తర్వాత."