మెడ వాల్చిన రాబందు

ఊళ్లో నన్ను సూది పోతయ్య అంటరు. దమ్మపేట అవతల, అడివి అంచున ఉన్న ఆరు గూడేలకు పశువుల డాక్టరంటే నేనే. నిజానికి డాక్టర్ని కాను. నాలుగు నెలల ట్రైనింగు, ఒక సైకిలు, ఒక ఐసు డబ్బా, అంతే. అయినా గొడ్డు కుంటితే నేనే, మేత మానితే నేనే, ఈనలేకపోతే నేనే. రెండువేల నాలుగు ఎండాకాలం దాకా ఆ పేరంటే నాకు మహా గీర ఉండేది.

నొప్పులకు పొడిచే మందు ఒకటుండేది నా దగ్గర. పొడిస్తే గంటలో గొడ్డు లేచి నిలబడేది. ఏ రోగమో తెలవకపోయినా ముందు అదే పొడిచేటోణ్ణి. జనం దండం పెట్టేటోళ్లు. ఆ ఏడు సత్తుపల్లి మీటింగులో పెద్ద డాక్టరు చెప్పిండు: "ఆ మందు పడ్డ గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందులకు కిడ్నీలు పోయి చస్తున్నయట. ఇక వాడకుర్రి." అందరితోపాటు నేనూ తలూపిన. ఇంటికాడ ఇంకా సగం డబ్బా ఉంది. అది అయిపోయినంక మానేద్దాంలే అనుకున్న.

నా చిన్నప్పుడు గూడెం బయట బీడు భూమిలో చచ్చిన గొడ్డును పడేస్తే రాబందులు గుంపులు గుంపులుగా దిగేటివి. మా తాత ఒక చుట్ట కాల్చేలోపు బొక్కలే మిగిలేటివి. ఎప్పుడు తగ్గినయో ఎవరం చూసుకోలే. ఆ ఎండాకాలానికి గుట్ట మీద మిగిలింది ఒక్కటే.

దాన్ని కనిపెట్టుకొని ఉండేది పగిడయ్య తాత. డెబ్బై ఏండ్ల కోయ ముసలాయన. రోజూ గుట్ట దిక్కు చూసి "ఉన్నది, ఉన్నది" అనుకుంట పోయేటోడు. ఒకనాడు ఆయన ముసలి ఎద్దు పడిపోయింది. లేస్తదో లేవదో చూసి చెప్పమని నన్ను పిలిచిండు. నేను సంచి తీయంగనే చెయ్యి పట్టుకున్నడు.

"సూది వద్దు బిడ్డా. ఇది ఎట్లయినా పోతది. పోనీ. గుట్ట మీద అది ఒక్కతే మిగిలింది, ఆకలితోని ఉన్నది. దానికి పెడ్త."

"సరే తాతా" అన్న. ఆయన నీళ్లకు లోపలికి పోయిండు. ఎద్దు మూలుగుతున్నది. నేనుండంగ గొడ్డు మూలుగుడేంది? నా చెయ్యి ఊరుకోలే. పొడిచిన.

తెల్లారేసరికి ఎద్దు పోయింది. బీడులోకి ఈడ్చినరు. రాబందు దిగింది. పగిడయ్య నా భుజం పట్టుకొని చిన్నపిల్లోని లెక్క ఏడ్చిండు, సంతోషంతోని. "తింటున్నది చూడు, తింటున్నది!" అప్పుడన్నా చెప్పాలె. రాయి విసిరి దాన్ని లేపాలె. చెప్తే నా మొఖాన ఉమ్మేస్తడని భయం. తాతతోపాటు నేనూ తలూపిన. నా అసుంటి దరిద్రుడు ఇంకొకడుండడు.

మూడో నాడు పొద్దుగూకేటప్పుడు తాత కబురు పంపిండు. నేను పోయేసరికి బీడంతా సప్పుడు లేదు. ఈగల మోత కూడా లేదు. రాబందు ఎండిన మోడు మీద కూసున్నది. తల మాత్రం కాళ్ల దాకా వేలాడుతున్నది.

"అన్నీ గిట్లనే పోయినయ్," గుసగుసగా అన్నడు తాత. "ముందు మెడ వాల్తది. అటెన్క..."

అది పడిపోయింది. తడి గోనెసంచి కింద పడ్డట్టు ఒక చప్పుడు. అంతే. మా అడివిలో ఆ పిట్టలు ఇక లేవు.

అప్పుడొచ్చింది వాసన. పాత ఈకల వాసన, ఎండిన నెత్తురు వాసన. గాలి లేదు... ఆకు కదలట్లేదు... కానీ బీడు చుట్టూ ఉన్న మద్దిచెట్ల కొమ్మలు కిందికి వంగుతున్నయ్. ఏదో బరువు వచ్చి కూసున్నట్టు. ఒక కొమ్మ... దాని పక్క కొమ్మ... పది కొమ్మలు... కొమ్మల మీద ఏమీ లేదు.

"సూది పొడిచినవా బిడ్డా?"

"పొడిచిన తాతా."

ఆయన తిట్టలే. తిడితే బాగుండు. "ఇంటికి పో. నీ పిల్లను చూసుకో," అన్నడు.

నాకు ఒక్కతే బిడ్డ. దీపిక, ఐదేండ్లది. నా భార్య ఆదెమ్మకు ఇంక కాన్పులు కావన్నరు డాక్టర్లు. సైకిలు గుంజుకుంట ఇంటికొచ్చేసరికి ఇద్దరూ వాకిట్లో అన్నం తింటున్నరు. నేను స్టాండు వేసేలోపు ఇంటి మీద ధన్‌మని పడ్డది. పెంకులు పలిగినయ్. పెంకుల మీద గోర్లు గీసుకుంట ఏదో నడుస్తున్నది. తలెత్తి చూసిన. ఏమీ లేదు.

ఆదెమ్మ చేతిలో ముద్ద వదిలేసింది. "ఏమయ్యా... రాబందేనా వాలింది?"

రాబందు వాలిన ఇంట్లో ఉండొద్దంటరు. ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలె. గిట్ల చెప్పేటోళ్లను చూసి నవ్వేటోణ్ణి నేను. ఆ పూటే తాళం వేసిన. చండ్రుగొండలో బామ్మర్ది ఇంట్లో దిగినం. నాలుగో నాడు సాయంత్రం అక్కడి రేకుల మీద ధన్‌మన్నది.

పగిడయ్య తాత కాడికి ఉరికి కాళ్లు పట్టుకున్న. "ఏం చెయ్యమంటవ్ తాతా? కోడిని కొయ్యమంటవా, మేకను కొయ్యమంటవా?"

ఆయన ఖాళీ గుట్ట దిక్కే చూస్తున్నడు. "ఎవరికి మొక్కుతవ్ బిడ్డా? ఉన్నదానికైతే మొక్కొచ్చు."

ఖమ్మంలో స్లాబు ఇల్లు కిరాయికి తీసుకున్నం. ఇక్కడ ఒక్కటి కాదు... రోజూ పొద్దుగూకంగ ఒకటెన్క ఒకటి దిగుతున్నయ్. జాగ కోసం తోసుకుంటున్నయ్. అటెన్క కదలవు. ఎదురు చూస్తయ్. ఇంటి ఓనరు ఎర్రమ్మ పైకి పోయి చూసొచ్చింది. "కాకి కూడా లేదయ్యా," అన్నది. అనుకుంటనే మెడ రుద్దుకున్నది.

పది రోజుల కింద దీపిక అన్నది, "నాయినా, మెడ నిలబడ్తలేదు."

దవాఖానాలో పరీక్షలన్నీ చేసినరు. కిడ్నీలు పనిచేస్తలేవన్నరు. ఇంత చిన్న పిల్లకు ఎందుకట్లయిందో తెలవదన్నరు. నాకు తెలుసు. ఎవరికి చెప్పాలె? ఇప్పుడు నేను పిల్లను ఒళ్లో కూసోబెట్టుకొని గదవ కింద చెయ్యి పెట్టి పట్టుకుంట, ఆదెమ్మ అన్నం తినిపిస్తది. చెయ్యి తీస్తే తల రొమ్ము మీద పడ్తది. "వదలకు నాయినా," అంటది. నిద్రలో కూడా వదలట్లేదు. నేనున్నంత కాలం ఆ తల వాలనియ్య.

ఈ పొద్దున గడ్డం గీసుకుందామని అద్దం ముందర నిలబడ్డ. నిటారుగనే నిలబడ్డ. కండ్లు ఎదురుంగనే చూస్తున్నయ్, ఆ సంగతి నాకు బాగ తెలుసు.

అద్దంలో నా మొఖం లేదు. నా నడినెత్తి కనపడుతున్నది.