లైటు పట్టిన చేయి

పుంగనూరు బైరప్ప స్పానరు వేస్తే తుప్పు కూడా మాట వింటుందనేవాళ్లు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ అణు విద్యుత్ కేంద్రాన్ని మరమ్మతులకు నిలిపినప్పుడల్లా ఆయనే మనుషుల్ని వెంటబెట్టుకుని పోతాడు. అక్కడి సామానుకు ముప్పై ఏళ్లు దాటాయి. కారే వాల్వు మార్చమంటే, ఈ ఏడు కూడా దీంతోనే లాగిద్దామంటారు ఇంజనీర్లు.

లోపలి గదిలో నాలుగు నిమిషాలకు మించి ఉండకూడదు. రేడియేషన్ కంటికి కనబడదు, ఒంటికి తెలియదు. అందుకే బైరప్ప గుంపులో ఒక కట్టుబాటుంది. లైటు పట్టినవాడే టైము చూస్తాడు. నాలుగు నిమిషాలు కాగానే ఆర్పేస్తాడు. చీకట్లో పని సాగదు గనుక ఎంత మొండివాడైనా బయటికి రావలసిందే.

పోయినేడు ఆ కట్టుబాటును బైరప్పే తప్పాడు. ఒక్క బోల్టు మిగిలింది. రేడియేషన్ ఎక్కువుండే పైపుకు ఆనుకుని లైటు పట్టింది బామ్మర్ది వెంకటముని.

"ఇంగ రోంతసేపు పట్టుకోప్పా" అన్నాడు బైరప్ప.

పాపం, బావ మాట కాదనలేక ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. ఎనిమిది నెలలకు నెత్తురు చెడి కన్నుమూశాడు. బైరప్ప మాత్రం భార్య దగ్గర తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు.

ఈ ఏడు అదే వాల్వు మళ్లీ కారింది. ఈసారి గుంపులోని సదుం గంగాధరం లైటు పట్టాడు. బైరప్ప వంగి పని మొదలుపెట్టాడు. తడి సిమెంటు వాసన. ఎక్కడో నీటి చుక్కల చప్పుడు. ఒక బోల్టు... రెండు... మూడు... వెలుతురు కదలడం లేదు. భుజం లాగుతోంది.

"టైమెంతయిందప్పా?"

వెనక ఎవరో ఊపిరి పీల్చారు... మెల్లగా.

"ఇంగ రోంతసేపే, బావా."

గంగాధరం ఆయన్ని అన్నా అంటాడు.

బైరప్ప స్పానరు పారేసి బయటికి పరుగెత్తాడు. తలుపు దగ్గర గంగాధరం నిలబడి ఉన్నాడు. ఆరిన లైటు అతని చేతిలోనే ఉంది. నాలుగు నిమిషాలకే ఆర్పి వచ్చేశానని, గొంతు పోయేలా పిలిచినా రాలేదని చెప్పాడు. అప్పటికి ఇరవై నిమిషాలైంది.

మర్నాడు సాయంత్రానికి పుంగనూరు చేరాడు. ఇక దాచకూడదనుకున్నాడు. భార్య మునిరత్నమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, "నీ తమ్ముడు..." అని మొదలుపెట్టాడు.

కరెంటు పోయింది.

వీధంతా చీకటి. ఇల్లంతా చీకటి. ఎదురు గోడ మీద బైరప్ప నీడ మాత్రం, వెనక నుంచి ఎవరో లైటు పట్టినట్టు, అలాగే ఉంది.