మోరీలో పోసిన సీసాలు

మెదక్‌లో యాదలక్ష్మి ముక్కుకు అందని సంగతి లేదు. తన ఇంటి మేడ మీద గదిలో కిరాయికి ఉండే క్రిస్టినా తాగుతుందని కనిపెట్టింది ఆ ముక్కే. నిజానికి ఆ వాసన ఆమె గదిలో సీసాల్లోని స్పిరిట్‌ది. సముద్రంలో నాలుగు కిలోమీటర్ల లోతున, అడుగు బురదలో దొరికిన నువ్వుగింజంత పురుగులు, చచ్చినవి, కుళ్లకుండా వాటిలో ఉన్నాయి. రొయ్యకు దూరపు చుట్టాలు. కళ్లు లేనివి, గాజులా అవతలి వైపు కనిపించేవి, ఒళ్లంతా కాళ్లే అయినవి, మొత్తం నూట పన్నెండు రకాలు. సీసాకొకటి. క్రిస్టినా మూడేళ్ల చదువంతా అవే. వారంలో యూనివర్సిటీకి ఒప్పజెప్పాలి. ఈ మాట ఆమె రెండుసార్లు చెప్పింది. వినే అలవాటు యాదలక్ష్మికి లేదు.

ఆ మధ్యాహ్నం క్రిస్టినా బయటికి పోగానే యాదలక్ష్మి మారు తాళంచెవితో గది తెరిచి, సీసాలన్నీ బాత్రూం మోరీలో గుమ్మరించి, బోరు నీళ్లతో కడిగి బోర్లించింది. ఇల్లు శుద్ధి అయింది.

మూడింటికి క్రిస్టినా వచ్చి చూసింది. యాదలక్ష్మిని మీదికి పిలిచింది. తలుపు గడియ పెట్టింది.

“ఏడ పోసిండ్రు ఆంటీ?”

“మోర్ల. తాగుడు సామాను నా ఇంట్ల నడవది పిల్లా.”

“చెయ్యి పెట్టి తియ్యుండ్రి.”

“నేనా?”

“పోసింది మీరే గదా.”

యాదలక్ష్మి గడియ వైపు చూసి, బాత్రూంలోకి పోయి వంగింది. మోరీలోంచి ఉప్పు వాసన. బియ్యం చెరుగుతున్నట్టు సన్నటి చప్పుడు. బయటి ఎండ కిటికీ దాకా వచ్చి ఆగిపోయింది. చెవులు దిబ్బడేశాయి...

“జర లైటెయ్యి బిడ్డా...”

“వద్దు. వాటికి వెలుగు తెల్వది,” క్రిస్టినా గుసగుసగా అంది. “సముద్రం అడుగున తిండి దొరకది ఆంటీ. మీది నుంచి ఏది కింద పడ్తే అదే తింటయి.”

“సచ్చిన పురుగులు గదనే అవి!”

“స్పిరిట్ల ఉన్నంతసేపు.”

చెయ్యి మోచేతి దాకా దిగింది. చల్లన. తర్వాత... కాళ్లు. సూదుల్లాంటి కాళ్లు. ఒకటి గీరింది. ఒకటి పీల్చింది. ఒకటి కత్తిరించింది. ఏ రెండూ ఒక్క తీరుగా లేవు...

కెవ్వుమని లాక్కుంది. నెత్తురు లేదు. నొప్పి లేదు. చేతికి వేలాడుతున్న పురుగులను క్రిస్టినా కుంచెతో ఒక్కొక్కటే సీసాల్లోకి దులిపింది. నూట పన్నెండు. ఒక్కటీ తగ్గలేదు.

గండం గడిచిందనుకుని యాదలక్ష్మి అరచెయ్యి చూసుకుంది.

గీతలు లేవు. ఒక్కటీ లేదు. గచ్చులా నున్నగా ఉంది.

క్రిస్టినా ఆ చేతిని మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది. కన్ను తీయకుండానే అంది.

“ఈ రకం నా దగ్గర లేదు ఆంటీ.”

మంచం కింది నుంచి ఆవకాయ జాడీ అంత ఖాళీ సీసాను కాలితో ముందుకు తోసింది. దాని మీద యాదలక్ష్మి పేరు రాసి ఉంది. ఎన్నేళ్ల కిందట రాశారో... సిరా వెలిసిపోయింది.