పడుకున్నోడి తిప్పలో ఇల్లు

మనుబోలు అవతల చెరువును ఆనుకుని ఒక ఎర్రతిప్ప ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో ముసుగు తన్ని పడుకున్నట్టు ఉంటుంది. అందుకే పడుకున్నోడి తిప్ప అంటారు. చీకటి పడ్డాక అటు పోయేవాళ్ళు గట్టిగా మాట్లాడరు... లేస్తాడని. మా వెంకయ్య తాగితే తహసీల్దార్నైనా తిడతాడు గానీ, అక్కడ దగ్గు కూడా ఆపుకుంటాడు.

అలాంటి తిప్పను తొలిచి ఇల్లు కట్టించాడు పర్వేజ్, గూడూరు నిమ్మకాయల వ్యాపారి.

ఇంటి ప్లాను గీసింది ఫర్జానా అనే నెల్లూరు అమ్మాయి. ఆమెకు అదే మొదటి ఇల్లు. ముందంతా అద్దాలు, ఎదురుగా చెరువు. వెనక గదులు మాత్రం తిప్ప లోపల. కప్పు మీద మట్టి పోసి గడ్డి పెంచింది. పైన నడిచేవాళ్ళకు కింద ఇల్లుందని తెలియదు. మా ఊరంతా ముందువైపు నిలబడి చూసి, "బతికుండగానే మట్టిలోకి పోవడానికి ఏం తొందరో" అని దీవించి వచ్చాం.

నెల తిరక్కుండానే పర్వేజ్ భార్య సాహిరా ఫర్జానాకు ఫోన్ చేసింది. "వెనక గదిలో ఎవరో ఉన్నారు. మేం ఇల్లు అమ్మేస్తాం."

మొదటి ఇల్లే దెయ్యాల కొంపని పేరుపడితే రెండో ఇల్లు ఎవరిస్తారు? ఫర్జానా ఆ గురువారమే వచ్చింది.

పొద్దుగూకింది. ఇద్దరూ వెనక గదిలో లైటు తీసేసి కూర్చున్నారు.

మొదట సాంబ్రాణి వాసన... ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. తర్వాత పైనుంచి గులాబీ రేకు ఒకటి రాలింది.

"చూసినావా. గురువారమైతే ఇంతే," అంది సాహిరా.

"ష్... సాహిరా ఆపా," అంది ఫర్జానా.

గోడలోంచి గుసగుస— "అయ్యా... వింటున్నావా? మా కోడలి నోరు మూయించు సామీ..."

సాహిరా ఫర్జానా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజు చిట్లింది. ఫర్జానా మాత్రం గోడను కాదు, దాని పైమూలనున్న జాలీని చూసింది. టార్చి తీసుకుని బయటికి నడిచింది. ఒంటరిగా ఉండలేక సాహిరా వెనకే.

తిప్ప ఎక్కితే— గడ్డి మధ్యలో తెల్లగా ఏదో. దాని మీద పచ్చ చాదరు. చుట్టూ ఊదుబత్తులు, చక్కెర పొట్లాలు. దాన్ని కావిలించుకుని... ఒక నల్లటి ఆకారం.

టార్చి వేసింది.

మా వెంకటశేషమ్మ. కోడలు ఎంత గయ్యాళో ఊళ్ళో అందరికీ చెప్పేసింది; ఇక ఈయనొక్కడే మిగిలాడు.

వెనక గదులకు గాలి ఆడాలని ఫర్జానా కప్పు మీదికి కట్టించిన ఇటుక గొట్టం అది. వాన పడకుండా పైన గుండ్రంగా మూసి, పక్కల కన్నాలు వదిలి, సున్నం కొట్టించింది. మా జిల్లాలో తెల్లగా, గుండ్రంగా ఏది కనబడినా దండం పెట్టకుండా పోయేవాళ్ళెవరు? ఇన్నేళ్ళూ భయపెట్టిన పడుకున్నోడు ఎవరో మహానుభావుడైన ఫకీరని తేలిపోయింది. హిందువులు, సాయిబులు అందరూ మొక్కడం మొదలుపెట్టారు.

"ఇది సమాధి కాదు అవ్వా. గాలి గొట్టం," అంది ఫర్జానా.

సాహిరాకు నవ్వు ఆగలేదు. ఇక ఇల్లు అమ్మరు. ఫర్జానా గడ్డిలో కూలబడి ఊపిరి పీల్చుకుంది.

వెంకటశేషమ్మ సిగ్గుపడలేదు. మా ఊళ్ళో ఆ అలవాటు లేదు. చక్కెర పొట్లం కొంగున ముడేసుకుంటూ, "గొట్టమైతే పోయిన గురువారం బదులెట్ట చెప్పినాడు?" అంది.

సాహిరా నవ్వు ఆగింది. "పోయిన గురువారం మేం గూడూరులో ఉన్నాం. ఇంటికి తాళం..."

"ఏమన్నాడు అవ్వా?" ఫర్జానా గొంతు తగ్గింది.

"'నీ కోడలి సంగతి తర్వాత. ముందు ఈ గోడ కొంచెం జరిపించమ్మా, కాళ్ళు చాపుకోలేకున్నా' అన్నాడు."

ఫర్జానా చదువుకున్న పిల్ల. ఇలాంటివి నమ్మదు.

మరుసటి నెలలో వెనక గోడ పడగొట్టి, మూడడుగులు ఇవతలికి కట్టించింది. తేమ రాకుండా అంది. మేమూ సరేనన్నాం.