మిగతా నలభై ఒక్క కిలోలు

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకుని ఏడు నెలలైంది. సగానికి పైగా కోసి తీసేసి, మిగిలింది అరటిపండంత సంచీగా కుట్టారు. డాక్టరుగారు అన్నీ ముందే చెప్పారు. రెండు వారాలు నీళ్లలాంటివే తాగాలి, తర్వాత మెత్తగా నలిపినవి, అదీ చెంచాడు చెంచాడుగా. జుట్టు రాలుతుంది, చలేస్తుంది. "కొన్నాళ్లు అద్దంలో మీకు మీరే పరాయి మనిషిలా ఉంటారు, కంగారు పడకండి" అన్నారు. అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. ఆయన చెప్పనిది ఒక్కటి జరిగింది.

అప్పట్లో నాది నూట ఇరవై రెండు కిలోల ఒళ్లు. నేను కూర్చునే మూల సోఫా కుంగిపోతోందని మా ఆయన ఏడిపించేవారు. గురక పెడుతూ పెడుతూ నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంటే, నాలుగేళ్ల పాపకి అమ్మ మిగలాలని కోతకి ఒప్పుకున్నాను. తీరా బరువు తగ్గేకొద్దీ పాప నా ఒళ్లోకి రావడం మానేసింది. "నువ్వు గుచ్చుకుంటున్నావు" అనేది. ఎవరికోసం కోయించుకున్నానో తనే దూరమైపోతుంటే ఏడుపొచ్చేది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో తూకం ఎక్కాను. ఎనభై ఒకటి. దిగాను. అంకె సున్నాకి రాలేదు. నలభై ఒకటి దగ్గర ఆగింది.

"పోయిన నెల కూడా ఇంతే. ఎనభై ఆరుండి మీరు దిగితే ముప్పై ఆరు చూపించింది" అంటూ నర్సు మిషన్‌ని కాలితో తట్టింది. "మిగతావాళ్లకి బాగానే ఉంటుంది మరి."

నేను తగ్గింది సరిగ్గా అంతే. చూస్తుండగానే అంకె సున్నా అయింది. ఎవరో దిగి వెళ్లిపోయినట్టు.

బస్సు దొరికి ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. వాన మబ్బుకి గదులన్నీ మసకగా ఉన్నాయి. వంటగదిలోంచి తొంగిచూసిన ఆడపడుచు నన్ను చూసి పాలిపోయింది.

"వదినా... నువ్వు ఇందాకే వచ్చావు కదా?" అంది గొంతు తగ్గించి. "ముందుగదిలో నీ గురక వినబడుతుంటే, పాపని పడుకోబెట్టి నువ్వూ కునుకు తీస్తున్నావనుకున్నా."

నాకు గురక పోయి నాలుగు నెలలైంది.

ముందుగది తలుపు తోశాను. ఒంటి మడతలు ఒరుసుకోకుండా నేను అప్పట్లో రోజూ రాసుకునే పౌడరు వాసన. బరువైన ఊపిరి... ఆగింది. చాలాసేపు ఆగింది... మళ్లీ మొదలైంది.

పాప సోఫాలో నిద్రపోతోంది. తల దిండు మీద లేదు. సోఫాకి జానెడు ఎత్తున, గాలిలో, హాయిగా వాలి ఉంది. నా మూల లోతుగా కుంగి ఉంది.

"చిట్టీ..." అన్నాను. "ఇటు రా అమ్మా."

పాప కళ్లు తెరవకుండానే పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్... అమ్మ లేస్తుంది."

ఆ బరువైన ఊపిరి ఆగిపోయింది. కుంగిన సోఫా మెల్లగా పైకి లేచి సమమైంది. పాప ఇంకా నిద్రలోనే ఉంది... సోఫాకి ఎంతో ఎత్తున, ఎవరో భుజాన వేసుకున్నట్టు.